కాకినాడ గోడౌనుకో రేటు, కోనసీమ గోడౌనుకో రేటు: కనీస వేతనంలో ఈ తేడా ఏంటి?

కాలవగట్టు (అమలాపురం దగ్గర), 2025 డిసెంబర్ 3

అందరికీ నమస్కారం అండి. ఒక సందేహం. మా బావమరిది కాకినాడలో ఒక హోల్‌సేల్ కిరాణా గోడౌనులో చేస్తున్నాడు. అదే షావుకారుకి మా ఊరి పక్కన అమలాపురం రోడ్డు మీద ఇంకో గోడౌను ఉంది, నేను అందులో చేస్తాను. ఇద్దరిదీ ఒకటే పని. లారీ దింపించడం, బస్తాల లెక్క, చీటీ రాయడం, రాత్రి షట్టరు దించేముందు స్టాకు సరిచూడడం. మొన్న దీపావళికి వచ్చినప్పుడు వాడి పేస్లిప్పు చూశాను. నాకంటే బాగానే ఎక్కువ.

మా మేనేజర్ని అడిగితే "మీది పంచాయతీ, వాళ్ళది కార్పొరేషను, జోను తేడా" అన్నాడు. పంచాయతీలో గ్యాస్ బండ చవగ్గా ఇస్తున్నారా ఏటండీ? నూనె ప్యాకెట్టు, పెట్రోలు, సెల్లు రీచార్జి, అన్నీ కాకినాడ రేటే గదా. ఇది నిజంగా చట్టంలో ఉందా, లేక మాటలు చెప్పి పంపించేస్తున్నారా?

సంఘంమావయ్య (తాడేపల్లిగూడెం)

ఉంది బాబూ. 1948 నాటి కనీస వేతనాల చట్టం మూడో సెక్షనులోనే పనిని బట్టి, ప్రాంతాన్ని బట్టి వేరువేరు రేట్లు పెట్టుకోవచ్చని రాశారు. మొన్న నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది, 2019లో పార్లమెంటు చేసిందే. ప్రాంతం చూసుకోవచ్చన్న మాట అందులోనూ ఉంది. కొత్త రేట్లు ప్రకటించేదాకా పాత జీవోలే నడుస్తాయి.

మన రాష్ట్రంలో దుకాణాలకో జీవో, రైసు మిల్లులకో జీవో, హోటళ్ళకో జీవో. చాలా వాటిలో కార్పొరేషన్లు, మున్సిపాలిటీలు, మిగతా ఊళ్లు అన్న వరసలో జోన్లు కట్టారు. అన్ని పనులకీ గీత ఒకేచోట ఉండదు, కాబట్టి మీ పనికి వచ్చిన జీవో తీసి చూడాల్సిందే. రేటులో రెండు ముక్కలు ఉంటాయి. ఒకటి మూల వేతనం. రెండోది వీడీఏ, అంటే కరువు భత్యం, ధరల సూచీ కదిలిన కొద్దీ ఏటా ఏప్రిల్లో, అక్టోబర్లో మారేది. పేస్లిప్పులో ఈ రెండోది వేస్తున్నారో లేదో ముందు చూడు. పాత వీడీఏ మీదే రెండు మూడేళ్లు లాగించేసే షాపులు నాకు తెలుసు.

ఇంకో మాట. ఆఫీసు ఎక్కడుందని కాదు, నువ్వు పని చేసే చోటు ఎక్కడన్నదే లెక్క. గోడౌను పంచాయతీలో ఉందా, మున్సిపాలిటీ హద్దులోనా? ఇంటి పన్ను రసీదు ఎవరిస్తారో కనుక్కో, తేలిపోద్ది.

లంకరైతు (ఆత్రేయపురం వైపు)

మీ గొడవ మీది, మా గొడవ మాది. మొంథా తుపానుకి చేలు పడిపోయి, బురదలో మిషను దిగక మనుషుల చేత కోయించాం. అప్పుడెవరైనా జీవో రేటుకి వచ్చారా? అడిగినంత ఇచ్చి, పొద్దున్నే టిఫిను పెట్టి, ఆటో కిరాయి కూడా మేమే కట్టాం. ఇప్పుడు దాళ్వాకి (రబీ వరికి) ఆకుమడి పోశాను. ఊడ్పులకి బెంగాల్ ముఠా మేస్త్రికి అడ్వాన్సు వెళ్లిపోయింది కూడా. మా కాలవ కింద కూలి ఎప్పుడో సర్కారు రేటు దాటేసింది.

అసలు నాకు అర్థంకానిది ఇంకోటి ఉంది. ధాన్యం మద్దతు ధర ఈ ఏడాది క్వింటాలుకి 2,369. పంజాబులోనూ అదే, ఒడిశాలోనూ అదే, కోనసీమలోనూ అదే. అంటే 75 కేజీల బస్తాకి 1,777 రూపాయలు. నేను అమ్మేదానికి దేశమంతా ఒకటే ధర. నేను కొనే కూలికి మాత్రం ఊరికో ధర, రాష్ట్రానికో ధర. ఇదేం లెక్కో పెద్దలు చెప్పాలి.

గోదారమ్మాయి (భీమవరం)

రైతు గారూ, ఊడ్పులు ఎన్నాళ్లుంటాయండీ? ఆ నాలుగు రోజులూ కూలీది పైచెయ్యి, కాదనను. తర్వాత ఆ మనిషి ఏం చేస్తుందో కూడా చూడాలి గదా.

మా అమ్మ రొయ్యల షెడ్డులో తల తీతకి వెళ్తుంది. ఏడాది పొడుగునా అదే. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి నిలబడే ఒలవాలి. గ్లౌజు ఉంటే వేగం రాదని సగం మంది తీసేస్తారు. ఇంటికొచ్చేసరికి వేళ్ళ చివర్లు పాలిపోయి, తొక్క లేచిపోయి ఉంటాయి. అన్నంలో పచ్చడి కలుపుకోడానికి చెంచా అడుగుతుంది. కేజీకి ఇంత అని లెక్క. ముప్పై కౌంటు సరుకు, అంటే కేజీకి ముప్పై రొయ్యలు తూగేది వస్తే చకచకా కేజీలు పడతాయి. వంద కౌంటు వచ్చిందంటే పొద్దస్తమానం ఒలిచినా తూకం లేవదు. రొయ్య చిన్నదైపోయినందుకు కూలి కోత మా అమ్మకి. ఆగస్టులో అమెరికా వాళ్ళు సుంకం 50 శాతం చేశాక పిలిచే రోజులు కూడా తగ్గిపోయాయి.

ఆ షెడ్డు టౌను దాటిన వెంటనే ఉంటుంది. బోర్డు అవతల పంచాయతీ అట. అమ్మేమో టౌన్లో అద్దెకుంటుంది. అద్దె టౌనుది, జీతం పల్లెది. మావయ్య గారూ, కేజీ లెక్కన ఇచ్చేవాళ్ళకి కనీస వేతనం ఉంటుందా అసలు?

సంఘంమావయ్య

ఉంటుందమ్మా. పాత చట్టం 17వ సెక్షను అదే. గుత్తకి చేయించుకున్నా, ఆ పనికి రోజు రేటు ఉన్నప్పుడు అంతకి తగ్గించి ఇవ్వకూడదు. చిన్న కౌంటు రొయ్య వచ్చిన రోజు నష్టం యాజమాన్యం భరించాలి. ఎక్కువ ఒలిచిన రోజు పైన వచ్చింది మీ అమ్మది.

ఉప్పుటేరు (ఆకివీడు)

రాష్ట్రాల తేడా తెలియాలంటే ఉపాధి హామీ రేట్లు చూడండి. 2025-26కి మన ఆంధ్రాలో రోజుకి 307, తెలంగాణలోనూ 307. తమిళనాడు 336, కేరళ 369, కర్ణాటక 370, హర్యానా 400. అటు ఒడిశా 273, ఉత్తరప్రదేశ్ 252. నాగాలాండ్, అరుణాచల్ 241. పథకం ఒకటే, డబ్బిచ్చేది ఒకటే కేంద్రం, తవ్వేది ఒకటే మట్టి. హర్యానా మట్టి ఏమైనా గట్టిదా?

కారణం పాతదే. మొదట్లో ఏ రాష్ట్రం ఏ రేటు దగ్గర నిలబడిందో, దాని మీదే ఏటా వ్యవసాయ కూలీల ధరల సూచీ కట్టి పెంచుకుంటూ పోతున్నారు. మొదలు తక్కువైనవాడు ఎప్పటికీ వెనకే. పైగా మనవైపు తవ్విన కొలతని బట్టి డబ్బు గదా, మస్టరులో సంతకం పెట్టినంత మాత్రాన 307 పూర్తిగా రాదు.

ఇవి సర్కారు రేట్లు. నిజంగా చేతికొచ్చే కూలి చూస్తే తేడా ఇంకా పెద్దది. రిజర్వు బ్యాంకు పుస్తకంలో 2022-23కి పల్లెల్లో మగ వ్యవసాయ కూలీకి కేరళలో సగటున 764, మధ్యప్రదేశ్‌లో 229 అని ఉంది. దేశం సగటు 346 దగ్గర. మా ఊరి చెరువుల మీద ఒడిశా కుర్రాళ్ళు ఎందుకుంటున్నారో, మా ఊరి మేస్త్రులు కేరళ, బెంగుళూరు ఎందుకు పోతున్నారో ఇక వేరే చెప్పక్కర్లేదు.

కొబ్బరితోట (ముమ్మిడివరం)

అయితే యానాంలో 336 ఇస్తారన్నమాట, అది పుదుచ్చేరి గదా. పుదుచ్చేరికి తమిళనాడు రేటే. మా ఊరి నుంచి వెళ్లి అక్కడ కార్డు తీసుకుంటే పోలే 😀

యానాంవాడు

రండి రండి, కార్డు ఇచ్చేవాడుంటే నాకూ చెప్పండి. ఉపాధి హామీ పల్లెలకి. యానాం మొత్తం మున్సిపాలిటీయే, ఒక్క పంచాయతీ లేదు. 307 లేదు, 336 లేదు.

కనీస వేతనం సంగతి వేరు. మా షాపులకీ ఫ్యాక్టరీలకీ పుదుచ్చేరి ప్రభుత్వం నోటిఫికేషను వర్తిస్తుంది, మీ జీవోలు కాదు. చుట్టూ ఆంధ్రా, మధ్యలో మేం. గౌతమి అవతల ఎదుర్లంక, వంతెన దాటితే వేరే లేబర్ ఆఫీసు, వేరే గెజిట్. పొద్దున్న అటు నుంచి సైకిళ్ళ మీద వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళు బోలెడుమంది. వాళ్ళకి పని యానాంలో కాబట్టి యానాం రేటు రావాలి. చాలామంది ఆంధ్రా రేటే అనుకుని ఊరుకుంటారు. ఇద్దరు కలెక్టర్ల మధ్య ఉన్న ఊళ్ళో కూలీకి ఎవర్ని అడగాలో కూడా తెలీదు.

ఉండి_టు_డాలస్

ఇక్కడా ఇదే రామాయణం అండి. అమెరికా ఫెడరల్ కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు, 2009 జూలై నుంచి ఒక్క సెంటు కదల్లేదు. నేనున్న టెక్సాస్‌లో అదే. కాలిఫోర్నియాలో ఈ ఏడాది 16.50, వాషింగ్టన్ రాష్ట్రంలో 16.66, సియాటిల్ ఊళ్ళో అయితే 20.76. జార్జియా, వయోమింగ్ రాష్ట్రాల చట్టాల్లో ఇంకా 5.15 అనే రాసుంది, ఫెడరల్ రేటు ఉంది కాబట్టి చాలామందికి 7.25 వస్తుంది. టిప్పులు వచ్చే వెయిటర్లకి యజమాని చేతి నుంచి 2.13 ఇస్తే చాలు, టిప్పులతో కలిపి 7.25 అవ్వాలి.

విచిత్రం ఏంటంటే, డాలస్ సిటీ వాళ్ళు "మా ఊరు ఖరీదైంది, ప్రైవేటు వాళ్ళందరూ ఎక్కువివ్వాలి" అని రూలు పెడదామన్నా టెక్సాస్ చట్టం ఒప్పుకోదు. సియాటిల్‌కి ఆ స్వేచ్ఛ ఉంది. అంటే ఊరి ఖర్చు ఒక్కటే కాదు, గీత గీసే హక్కు ఎవరి చేతిలో ఉందన్నది కూడా ఉంది. పేరుకి 7.25 గాని డాలస్‌లో ఆ రేటుకి మనిషి దొరకడు. లంకరైతు గారు చెప్పిందే.

కువైట్అక్క (రాజోలు)

మాకు కువైట్‌లో జోన్లు గీన్లు లేవు. ఇంటి పనికి 2016లో దేశమంతా నెలకి 60 దినార్లని పెట్టారు. ఇచ్చే సేటు ఇచ్చాడు, ఇవ్వనోడు ఇవ్వలేదు. ఏ ఏరియా అన్నది కాదమ్మా, ఎవరింట్లో పడ్డామన్నదే.

మిల్లుబాబు (మండపేట)

ఒక యజమాని కూడా మాట్లాడాలి గదా. అందరూ జోన్లు తీసెయ్యమంటున్నారు. తీసేస్తే ఏమవుద్దో ఆలోచించారా? కాకినాడలో, రాజమండ్రిలో రోడ్డుంది, రైలుంది, పోర్టుంది, కరెంటు పోదు. పల్లెలో షెడ్డు వేస్తే లారీ కిరాయి ఎక్కువ, మెకానిక్కు రావాలంటే రెండ్రోజులు. కూలి కూడా సిటీ రేటే అంటే ఇక్కడెవడు పెడతాడు? ఆ తేడా ఉండబట్టే నాలుగు పనులు పల్లెల దాకా వచ్చాయి. చిన్న మిల్లులు అసలే నలిగిపోతున్నాయి.

సంఘంమావయ్య

బాబుగారూ, మీ మాటలో కొంత నిజం ఉంది. కానీ కనీస వేతనం దగ్గరికొచ్చేసరికి "నాకు గిట్టదు" అన్న వాదన చెల్లదని సుప్రీంకోర్టు 1961లోనే కేరళ టైల్స్ ఫ్యాక్టరీల కేసులో చెప్పేసింది. 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) పనుల కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. కనీస వేతనం కంటే తగ్గించి చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం కింద వెట్టిచాకిరీయే అంది.

జోన్లు వద్దని నేననను. గీత దేన్ని చూసి గీశారన్నదే నా పేచీ. 1957లో భారత కార్మిక మహాసభ కొలత పెట్టింది: కుటుంబమంటే తిండి లెక్కలో ముగ్గురు పెద్దవాళ్ళతో సమానం (మూడు యూనిట్లు), యూనిట్‌కి రోజుకి 2,700 కేలరీల తిండి, కుటుంబం మొత్తానికి ఏడాదికి 72 గజాల గుడ్డ, అద్దె, వంటచెరకూ దీపం వగైరాలకి 20 శాతం. ఇందులో పల్లెకీ టౌనుకీ నిజంగా తేడా వచ్చేది అద్దె దగ్గరే. కూరగాయలు కొంచెం. మిగతావన్నీ ఒకటే ధర. అలాంటప్పుడు జోను తేడా అద్దె తేడా అంత ఉండాలి, అంతకు మించితే లెక్క తప్పినట్టే.

2019లో అనూప్ సత్పతి కమిటీ కూడా దేశానికంతటికీ ఒకటే అయితే రోజుకి 375 అని, లేదంటే అయిదు ప్రాంతాలుగా చేయండని చెప్పింది. బీహారు, ఒడిశా ఉన్న గుంపుకి 342. ఆంధ్రా, తెలంగాణ ఉన్న గుంపుకి 380. తమిళనాడు, కేరళ, కర్ణాటక వైపు 414. ఢిల్లీ, పంజాబు, హర్యానాకి 447. అస్సాం తప్ప ఈశాన్యానికి 386. అదే ఏడాది కేంద్రం ప్రకటించిన జాతీయ కనీస స్థాయి ఎంతో తెలుసా? 178. అదీ ఇవ్వకపోతే శిక్ష ఏమీ లేని రేటు. ఇప్పుడు కోడ్‌లో కేంద్రం పెట్టే ఫ్లోరుకి, అంటే ఆ కనీస స్థాయికి, చట్టబలం ఉంది. ఏ రాష్ట్రమూ దానికి తగ్గకూడదు, ఇప్పటికే ఎక్కువ ఇస్తుంటే దించకూడదు.

సైటుమేస్త్రి (రాజోలు)

ఒకే ఊళ్ళో రెండు రేట్లు చూడాలంటే మా వైపు రండి. ఆయిలు బావుల దగ్గర కాంట్రాక్టు పని కేంద్రం పరిధి. అక్కడ ఊడ్చేవాడికి కేంద్రం రేటు. రోడ్డవతల ప్రైవేటు నర్సింగ్ హోములో ఊడ్చేవాడికి రాష్ట్రం రేటు. చీపురు ఒక కొట్లో కొన్నదే.

కేంద్రం వాళ్ళు ఏ, బీ, సీ అని మూడు ఏరియాలు పెట్టారు. హైదరాబాదు ఏ, విజయవాడ, విశాఖ బీ, మా పల్లెలు సీ. 2017లో కట్టిన మూల రేటు నిర్మాణం పనికి నైపుణ్యం లేనివాళ్ళకి 523, 437, 350. దాని మీద వీడీఏ పెరుగుతూ 2024 అక్టోబర్‌కి "ఏ" ఏరియాలో 783 అయింది. వ్యవసాయానికి అదే 2017లో 333, 303, 300. చూడండి ఎంత వింతో. ఇటుక మోస్తే హైదరాబాదుకీ పల్లెకీ 173 రూపాయల తేడా, పార పట్టుకుని పొలంలో దిగితే 33 తేడా. పల్లెలో బతుకు చవకన్న మాటే నిజమైతే రెంటికీ అదే నిష్పత్తి ఉండాలి గదా?

లంకరైతు

ఇది నేనెప్పుడూ చూళ్ళేదు మేస్త్రీ. పొలం పనికి ఎక్కడైనా తక్కువే అని ముందే తేల్చేశారన్నమాట.

మోడరేటర్

రెండు పోస్టులు తీసేశాను. ఏ పార్టీ ఎంత పెంచిందన్న గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి.

గోదారమ్మాయి

ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు. లంకరైతు గారి ఊళ్ళో ఊడ్పులకి ఆడవాళ్ళకెంత, అదే రోజు మోత మోసే మగవాళ్ళకెంత? సమాన వేతన చట్టం 1976లో వచ్చింది, కోడ్‌లోనూ ఆ రూలు ఉంది. జోను మారకపోయినా ఒకే గట్టు మీద రెండు రేట్లు.

లంకరైతు

వేరే పని, వేరే రేటు అంటారు మావోళ్ళు. ఆకు తీసి కట్టలు మోసేవాడిదీ, నడుం వంచి ఊడ్చేదానిదీ ఏది బరువో నన్నడక్కమ్మా, మా ఇంటావిడ ఈ ఫోరం చూస్తుంది.

కాలవగట్టు, డిసెంబర్ 6

మావయ్య గారూ, మీరు చెప్పినట్టే చేశాను. గోడౌను పంచాయతీలోనే ఉంది, పన్ను రసీదు పంచాయతీదే. జీవో కూడా తీయించాను. అంటే జోను సంగతిలో మేనేజరు చెప్పింది నిజమే.

కానీ పేస్లిప్పు విప్పి చూస్తే రోజు రేటు మా జోనుకి ఉన్నదే కరెక్టుగా వేశారు, అక్టోబర్ వీడీఏతో సహా. రోజులు మాత్రం 19 అని ఉంది. నేను నవంబర్లో ఆదివారాలు తప్ప ఒక్క రోజూ మానలేదు. మా బావమరిది స్లిప్పులో 26 ఉంది. అందుకే అంత తేడా కనిపిస్తోంది. జోను వల్ల వచ్చేది అందులో చిన్న ముక్కే.

సంఘంమావయ్య

ఇదీ అసలు కథ. రేటు తగ్గిస్తే కాగితం మీద దొరికిపోతారు, అందుకని రోజులు తగ్గిస్తారు. నెలకి ఇంతని ముందే మనసులో అనుకుని, దాన్ని సర్కారు రేటుతో భాగించి ఎన్ని రోజులొస్తే అన్ని రాస్తారు. తనిఖీకి వచ్చినవాడికి అంతా శుభ్రంగా కనిపిస్తుంది. పల్లె గోడౌనుకి తనిఖీ రాదన్న ధీమా కూడా ఉంటుంది, కాకినాడలో అంత తెగింపు చెయ్యరు.

నువ్వు రోజూ రాసే చీటీల పుస్తకం ఉంది గదా? లారీ నంబరు, తేదీ, నీ సంతకంతో. దానికంటే సాక్ష్యం లేదు. నవంబరు నెల చీటీలన్నీ ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకో, పుస్తకం మాత్రం బయటికి తేకు, దొంగతనం అంటగడతారు. పాత చట్టంలో 6 నెలల్లోపు క్లెయిము వేయాలి, కోడ్ ప్రకారం 3 ఏళ్ళు. డబ్బు పూర్తిగా ఇచ్చామని నిరూపించుకునే బాధ్యత కూడా కోడ్‌లో యజమాని మీదే పెట్టారు.

మిల్లుబాబు

రోజులు కొయ్యడం మాత్రం తప్పే. జోను మీద నా మాట మీద నేనున్నాను, కానీ ఇది దొంగలెక్క. ముందు షావుకారుకి చీటీల ఫొటోలు పంపి ఒక మాట అడగండి. మేనేజరు మధ్యలో తింటున్నాడేమో కూడా చూడాలి, అలాంటివి జరుగుతాయి.

కాలవగట్టు

అదీ అనుమానంగానే ఉందండి. మాతో పాటు చేసే ఇంకో ముగ్గురివి కూడా చూశాం, అందరికీ 19, 20 అనే ఉంది. సోమవారం నలుగురం కలిసి ఫొటోలతో షావుకారు దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ తేలకపోతే అమలాపురంలో లేబర్ ఆఫీసుకి. మావయ్య గారూ, అర్జీ తెలుగులో రాసుకోవచ్చా?

సంఘంమావయ్య

తెలుగులోనే రాయి. నలుగురూ విడివిడిగా సంతకాలు పెట్టండి, ఒక కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకుని రండి. గోదారమ్మాయి, మీ అమ్మగారి కేజీల లెక్క ఒక నెల నోటుబుక్కులో రాయించమ్మా. తేదీ, కౌంటు, కేజీలు, ఇచ్చిన డబ్బు. దాంతో వస్తే అదీ చూద్దాం.